తెల్ల షార్కు, వాలు కుర్చీ

పన్ను సలపకపోయి ఉంటే విజయకుమారికి చేపల తొట్టె మీద మనసు పోయేది కాదు. బందరులో చెల్లెలి ఇంటికి వెళ్లిన రోజున దవడ వాచింది. చెల్లెలు ఆటోలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. లోపల ఎవరి పన్నో ఒక పట్టాన ఊడటం లేదు. బయట గోడవారగా గాజు తొట్టెలో నారింజరంగు చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. విజయకుమారి వాటిని చాలాసేపు చూసింది. పొలుసు తీయక్కర్లేని చేపను ఆమె చూడటం అదే మొదటిసారి.

వినడానికి వేళాకోళంగా ఉంటుంది గాని ఆమె లెక్క ఆమెది. పెళ్లై ముదినేపల్లి దగ్గర అత్తవారింట్లో అడుగుపెట్టిన వారంలోనే చేతికి కత్తిపీటా బూడిదా ఇచ్చారు. ఇంటిల్లిపాదీ చేపల చెరువుల మీద బతికేవాళ్లు. ఏ చేప ఇంటికి రావాలో, వచ్చాక అది ఏమైపోవాలో భర్త వెంకట్రామయ్యే నిర్ణయించేవాడు. బొచ్చె అయితే తలకాయ పులుసు. శీలావతి అయితే వేపుడు. మోసుకి ముళ్లెక్కువ, పనివాళ్లకి పంపెయ్యి. ఉమ్మడి కుటుంబం విడిపోయి, గుడివాడలో సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ పద్ధతి మారలేదు. ఆయన పొద్దున్నే కారేసుకుని చెరువుల మీదికి వెళ్తాడు, మధ్యాహ్నం చేపతో దిగుతాడు. యాభై దాటిన విజయకుమారి అప్పటిదాకా ఒక్క చేపనైనా తన ఇష్టప్రకారం ఎంచుకున్నది లేదు.

వాపు తగ్గి గుడివాడ వచ్చిన సాయంత్రమే అడిగేసింది.

"హాల్లో చేపల తొట్టె పెట్టుకుందామండీ."

వెంకట్రామయ్య తన వాలు కుర్చీలో ఉన్నాడు. బెజవాడలో కొన్న కుర్చీ అది. మీట నొక్కితే కాళ్లు పైకి లేస్తాయి. ఆ గోడవారన కూర్చుంటే టీవీ, వీధి గేటు, వంటింటి గుమ్మం మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఇంట్లో ఎవరు వస్తున్నారో, ఏది ఉడుకుతోందో లేవకుండానే తెలిసిపోయే చోటు అది.

"మనకి నలభై ఎకరాల తొట్టె ఉంది కదే" అన్నాడు.

"అది మీది. నాకు మూడడుగులది చాలు."

"ఎక్కడ పెడతావ్?"

"మీరు కూర్చున్న చోట."

వెంకట్రామయ్య కాళ్లు దించాడు. విజయకుమారి అప్పటికే ఇల్లంతా తిరిగి చూసుకుంది. ఎండ తగలని గోడ, ప్లగ్గు ఉన్న గోడ, కింద నేల గట్టిగా ఉన్న గోడ అదొక్కటే. ఎండ పడితే తొట్టెకి నాచు పడుతుందని పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి చెప్పింది. వాస్తు సంగతి కూడా సిద్ధాంతిని ఫోనులో కనుక్కుంది. భర్త ఆ పేరు ఎత్తబోయేసరికి "ఈశాన్యమేనటండీ, భేషుగ్గా పెట్టుకోమన్నారు" అంది.

రాజీ కుదరడానికి రెండు కాఫీలు పట్టింది. తొట్టెను ముందుగా డైనింగ్ టేబుల్ పక్కన, కిటికీ దగ్గర పెట్టుకోవాలి. దసరాకి చేపలు వెయ్యాలి. కార్తీకమాసం వెళ్లి పోలి పాడ్యమి దీపాలు వదిలేదాకా ఒక్క చేపా చావకూడదు. చావకపోతే కుర్చీ వరండాలోకి, తొట్టె ఆ గోడకి. ఒక్కటి చచ్చినా తొట్టె డాబా మీదికి, అందులో కరివేపాకు మొక్క.

"ఇంకో సంగతి" అన్నాడు వెంకట్రామయ్య. "అందులో నా చేప ఒకటుండాలి. ఎంత లేదన్నా చేపల మనిషిని. బయట తెలిస్తే పరువుండదు."

"సరే. కాకపోతే పెద్ద నోరున్నది వద్దు."

"నన్నేనా అంటున్నావ్?"

"చేపని."

బందరులో దుర్గారావు కొట్టు చిన్నది. వాళ్లది సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. అందుకని ఒడ్డునే ఉండి, బతికున్న చేపలు అమ్ముతున్నాడు. ఎవరేమడిగినా కాదనడు. గాజు గిన్నెలో ఏనుగు పిల్ల కావాలన్నా "పెద్దదవుతుంది సార్, మీ ఇష్టం" అని కవరులో కట్టిచ్చే రకం. అబద్ధం ఆడడు. అడగనిది చెప్పడు.

విజయకుమారి అడిగే మనిషి. ముగ్గురు తోడికోడళ్లతో, ఇద్దరు ఆడపడుచులతో ఒకే వంటింట్లో నెగ్గుకొచ్చిన ఆవిడకి పక్కపక్కన ఎవరిని కూర్చోబెట్టాలో, ఎవరిని పెట్టకూడదో ఒకరు నేర్పక్కర్లేదు.

"ఈ చారల చేపలు చురుగ్గా ఉన్నాయి. ఏంటివి?"

"టైగర్ బార్బులమ్మా. గుంపుగా ఉంటే బాగుంటాయి."

"బుద్ధెలాంటిది?"

"తోకలు కొరుకుతాయి. పొడుగు తోక కనపడితే ఆగలేవు."

"మా పెద్దాడపడుచు. ఎవరు కొత్త చీర కట్టుకున్నా చెంగు పట్టుకు లాగేది. వద్దు. ఈ రెక్కలు పరుచుకుని నించున్నదో?"

"ఏంజెలమ్మా. చాలా అందం."

"అందం సరే. పక్కన ఈ చిన్న గప్పీలు వేస్తే?"

దుర్గారావు తల గోక్కున్నాడు. "చేపల్లో పగలూ ప్రేమలూ ఉండవమ్మా. నోట్లో పట్టేది, నోట్లో పట్టనిది. రెండే చుట్టరికాలు. గప్పీ ఏంజెల్ నోట్లో పట్టేస్తుంది."

"మా పెద్ద తోడికోడలు. నవ్వుతూ నిలబడేది, పక్కవాళ్లు మాయమైపోయేవాళ్లు. వద్దు."

గోల్డ్‌ఫిష్ ముందు కాస్త ఆగింది. పళ్ల డాక్టరు దగ్గర ఉన్నవి అవే. ఎంత తింటే అంత మురికి చేస్తాయని, చల్లని నీళ్ల చేపలని, మిగతావాటితో పొసగదని దుర్గారావు ఒక్కొక్కటీ అడిగించుకుని చెప్పాడు. మా పెద్ద బావగారు, అనుకుని పక్కకి జరిగింది. ఫైటర్ చేప అద్దంలో తన మొహం చూసుకుని తనమీదే కోపం తెచ్చుకుంటుందని విన్నాక మరిది గుర్తొచ్చాడు. మొత్తమ్మీద ఆ కొట్టులో ఆమె అత్తవారంతా ఉన్నారు.

చివరికి మోలీలు, ప్లాటీలు, గప్పీలు, రెండు పసుపుపచ్చ నత్తలు కుదిరాయి. నోళ్లన్నీ ఇంచుమించు ఒకటే. మేతా ఒకటే. ఎవరి జోలికీ పోరు.

"మగవాటికంటే ఆడవి ఎక్కువుండాలమ్మా" అన్నాడు దుర్గారావు. "లేదంటే మగది ఒకదాని వెంటే పడి ఊపిరాడనివ్వదు."

"తెలుసులే నాయనా."

"బందరు చప్ప నీళ్లలో, ఉప్పు నీళ్లలో బతికిన చేపలు. గుడివాడ కుళాయి నీళ్లు వీటికి పానకం. కాకపోతే నీళ్లు ఒక రోజు బకెట్లలో నిలవుంచి పొయ్యండి, మందు వాసన పోవాలి. ముందు కొన్నాళ్లు చేపల్లేకుండా మోటారు తిరగనివ్వండి. నా పాత ఫిల్టర్లో స్పాంజి ముక్క ఇస్తాను. అందులో కంటికి కనపడని పనివాళ్లుంటారు, మురికంతా వాళ్లే చూసుకుంటారు."

తొట్టె వినాయక చవితికి వచ్చింది. నీళ్లు నిండాయి. అందులో ఏమీ లేకుండా మోటారు తిరుగుతోంది. వెంకట్రామయ్య రోజూ అన్నం ముందు కూర్చుని దాన్ని చూసి నవ్వేవాడు.

"నీళ్లు పెంచుతున్నావా విజయా?"

"పెంచుతున్నాను."

"అలా తేటగా ఉంటే లాభం లేదు. తేటనీళ్లంటే దరిద్రపు నీళ్లు. రెండు దోసిళ్లు పేడ కలుపు. పచ్చబడతాయి. అప్పుడు చేప ఒళ్లు చేస్తుంది."

ఆయన పరాచికానికి అనలేదు. చెరువు తవ్వాక సున్నం చల్లి, పేడ వేసి, నీళ్లు పచ్చగా తిరిగితేగాని చేపపిల్ల వెయ్యని మనిషి. అడుగు కనపడే నీళ్లను చూస్తే ఆయనకి ఖాళీ గాదె చూసినంత దిగులు. మర్నాడు మధ్యాహ్నం చెరువు మీంచి నిజంగానే ఒక పొట్లం తెచ్చాడు. విజయకుమారి దాన్ని పెరట్లో గులాబీకి వేసింది. ఆ ఏడు గులాబీ బాగా పూసింది.

దసరాకి ఆవిడ చేపలు దిగాయి. ఆయన వంతు చేపను ఆయనే తెచ్చుకుంటానన్నాడు.

ఇక్కడ వెంకట్రామయ్య నియమం ఒకటి చెప్పుకోవాలి. ఆయనకి బొచ్చె, శీలావతి, మోసు, ఇవే చేపలు. ఫంగస్ అని చెరువుల్లో ఇంకో రకం పెంచుతారు. పొలుసుండదు, నున్నగా ఉంటుంది, మీసాలుంటాయి, ఏది వేసినా తిని ఇట్టే పెరుగుతుంది. దాని పేరెత్తితే ఆయనకి ఒళ్లు మంట. నందివాడలో మల్లికార్జునరావు అని దూరపు బావ ఒకాయన ఎకరాలకెకరాలు అదే వేశాడు. ఆయన కూతురి పెళ్లిలో ముక్క నోట్లో పెట్టుకోబోతూ వెంకట్రామయ్య "ఏం చేప?" అని అడిగాడు. చెప్పారు. చెయ్యి కడిగేసుకుని లేచాడు. "ఫంగస్ నా చెరువులో ఈదదు, నా గడప తొక్కదు" అని పందిట్లోనే అన్నాడు. మల్లికార్జునరావు నవ్వి "చూద్దాం బావా, ఏదో ఒకరోజు నువ్వే ఎత్తుకుంటావ్" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరూ క్లబ్బులో ఎదురుపడితే పేకాట ఆగిపోతుంది, మాటలు మొదలవుతాయి.

అలాంటి మనిషి బందరు వెళ్లి దుర్గారావు కొట్టంతా ఒకసారి కలియజూసి, అన్నీ చీమల్లా ఉన్నాయన్నాడు.

"పెద్దదయ్యేది ఏదైనా ఉందా?"

దుర్గారావు ఒక మూల తొట్టె చూపించాడు. వేలెడంత చేప. ఒళ్లంతా తెలుపు, కాస్త గులాబీ ఛాయ, ఎర్రటి కళ్లు, నిటారుగా నిలబడ్డ రెక్క. అద్దానికి కొట్టుకుంటూ ఆగకుండా ఈదుతోంది.

"వైట్ షార్కు సార్."

"పెరుగుతుందా?"

"పెరుగుతుంది సార్. బాగా పెరుగుతుంది."

"మేత?"

"ఏదైనా తింటుంది సార్."

వెంకట్రామయ్యకి అంతకంటే కావలసిందేముంది? దాన్ని ముందు సీట్లో, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. వారం తిరక్కుండా గుడివాడ క్లబ్బులో అందరికీ తెలిసింది. వెంకట్రామయ్య ఇంట్లో సొరచేప ఉందట.

షార్కు వచ్చాక విజయకుమారి గప్పీలు పెట్టిన పిల్లలు కనిపించకుండా పోవడం మొదలైంది. ఒకరోజు పొద్దున పదో పన్నెండో ఉన్నాయి, సాయంత్రానికి నాలుగు. ఆయన ఉత్సాహంగా లేచాడు.

"చచ్చాయి! పందెం అయిపోయింది."

"చావలేదు. మీ చేప మేసింది."

"ఏదైతేనేం, పోయాయి కదా."

"ఏమండీ, మీ గేదె నా చేలో పడి మేస్తే బందెలదొడ్డిలో కట్టేది దేన్ని? గేదెనా, చేనునా?"

ఊళ్లో ఇలాంటి తగువులు వెంకట్రామయ్యే ఎన్నో తీర్చాడు, ప్రతిసారీ గేదె యజమానిదే తప్పని తేల్చాడు. ఇప్పుడు తన తీర్పు తనే మింగాల్సొచ్చింది. గప్పీ పిల్లల్ని లెక్కలోకి తీసుకోకూడదని ఒప్పందం కుదిరింది.

అంతలో కార్తీకం వచ్చింది. ఆ ఇంట్లో నెలంతా నీచు వండరు. ఏడాది పొడుగునా చేప లేని ముద్ద ఎరగని వెంకట్రామయ్యకి ఆ నెల ఒక శిక్ష. బీరకాయ కూరతో అన్నం కలుపుతూ ఎదురుగా ఉన్న తొట్టెను చూసేవాడు. మొదటి వారం మామూలుగా చూశాడు. రెండో వారానికి మోలీని చూస్తూ కూడా గుటకలు వేశాడు.

"ఆ నల్లది వేపితే ఎలా ఉంటుందంటావ్?"

"పిడకలా ఉంటుంది. బీరకాయ తినండి."

తినలేనివాడు పెట్టడం మొదలుపెట్టాడు. చెరువుకి వేసే గుళికల మేత జేబులో పోసుకుని తెచ్చేవాడు. విజయకుమారి గుడికి వెళ్లగానే పిడికెడు నలిపి తొట్టెలో జల్లేవాడు. షార్కు పొట్ట ఉబ్బించుకుని అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచేది. ఆయన ఇంకో పిడికెడు వేసేవాడు. ఎదుగుతున్న చేపను చూస్తూ ఊరుకోవడం ఆయనకి చేతకాదు. దానికితోడు తినే నోరు ఒకటైనా ఇంట్లో ఉందన్న తృప్తి. షార్కు వేలు దాటింది. అరచెయ్యి కూడా దాటింది.

మిగిలిన మేత అడుగున కుళ్లింది. నీళ్లు బియ్యం కడుగులా అయ్యాయి. విజయకుమారి గాభరాపడి సగం సగం నీళ్లు మార్చింది, స్పాంజి కడిగింది. ఎందుకిలా అవుతోందో ఆమెకి అంతుపట్టలేదు. ఒక పొద్దున్న నల్ల మోలీ ఒకటి అడుగున వెల్లకిలా కనిపించింది.

ఆయన అప్పటికే చెరువుల మీదికి వెళ్లిపోయాడు. విజయకుమారి క్షణం ఆలోచించింది. మోలీని గులాబీ కింద పాతిపెట్టి, చెప్పులు వేసుకుని, బందరు బస్సెక్కింది.

"మొన్న నువ్విచ్చినలాంటి నల్ల మోలీయే, ఇంతే ఉన్నది కావాలి దుర్గారావ్. ఆడది."

దుర్గారావు వెతికి పట్టిచ్చాడు. నీళ్లు పాడవుతున్నాయని ఆమె చెబితే మేత ఎక్కువైందన్నాడు. తను వేసేది చిటికెడేనంది.

"మరి షార్కుకి సారు వేరే వేస్తున్నారేమో. అదెంత వేసినా తింటుందమ్మా. చెరువుల్లో చూస్తారు కదా."

"చెరువుల్లో షార్కులేంటి?"

దుర్గారావు ఇబ్బందిగా నవ్వాడు. అడిగారు కాబట్టి చెప్పాలి. "ఫంగసేనమ్మా అది. మామూలు ఫంగస్ నల్లగా ఉంటుంది, ఇది తెల్లగా పుట్టిన రకం. మా వ్యాపారంలో దాన్ని షార్కంటారు. ఇంకా పెరిగితే మీ తొట్టె చాలదు. ఇస్తే నేను పెద్ద తొట్టెలో వేసుకుంటాను."

విజయకుమారి కొట్టు ముందున్న స్టూలు మీద కూర్చుని నవ్వింది. కవర్లో మోలీ కూడా ఊగిపోయేంత నవ్వింది. బస్సులో గుర్తొచ్చినప్పుడల్లా కిటికీ వైపు తిరిగింది. ఇంటికెళ్లి ఒక్క మాట అనలేదు. మోలీని తొట్టెలో వదిలింది. రాత్రి భోజనాల దగ్గర "మీ షార్కు బాగా నిగారింపు తేలిందండీ" అంది. ఆయన పొంగిపోయాడు.

మర్నాడు నందివాడకి ఫోను చేసి, పోలి పాడ్యమి వెళ్లిన మర్నాడు భోజనానికి రమ్మని మల్లికార్జునరావుని పిలిచింది. కార్తీకం పథ్యం విరిచే రోజు, మంచి చేప వండుతానంది.

పోలి పాడ్యమి తెల్లవారుజామున అరటిదొప్పలో దీపాలు వదిలి వచ్చారు. మర్నాడు పొద్దున్నే వెంకట్రామయ్య పెద్ద శీలావతిని తెచ్చి సింకులో పడేశాడు. కుర్చీలో వాలి, కాళ్లు పైకి లేపి, చేతులు తల కింద పెట్టుకున్నాడు.

"విజయా, గడువు అయిపోయింది కదా."

"అయిపోయింది. ఒక్కటీ చావలేదు. లేవండి."

"చావలేదా? నల్ల మోలీల్లో ఒకదానికి తోక చివర చిన్న గాటుండేది. ఈమధ్య ఒక్క రోజులో అది అతుక్కుంది. చేప తోక అతుక్కోవడం నేనెక్కడా చూళ్లేదు."

పేకాటలో తురుపు ముక్క చివరిదాకా దాచుకునే అలవాటు ఆయనది. విజయకుమారి చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆవిడ దగ్గరా ఒక ముక్క ఉంది.

"అది ఎందుకు చచ్చిందో కూడా చెప్పండి. మీ చొక్కా జేబులు ఉతికేది నేనే కదా. జేబు నిండా చెరువు మేత పొడి."

"అది... మేత శాంపిలు."

"శాంపిలు తిన్న మీ షార్కు ఏంటో తెలుసా? ఫంగసు."

వెంకట్రామయ్య నవ్వాడు. "తెల్ల ఫంగసు ఎక్కడైనా ఉంటుందా?"

"మీరే చూడండి. పొలుసుందా? మీసాల్లేవా?"

ఆయన లేచి తొట్టె దగ్గరికి వెళ్లాడు. షార్కు అలవాటు ప్రకారం అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. మీసాలు కదిలాయి. వెంకట్రామయ్య చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత ఫోను తీసి దుర్గారావుకి చేశాడు.

"ఏమయ్యా, షార్కని ఫంగసు అంటగట్టావా?"

"మీరు పేరడగలేదు సార్. పెరుగుతుందా అనడిగారు. పెరిగిందా లేదా?"

ఫోను పెట్టేశాడు. మొహం కడిగిన పళ్లెంలా ఉంది. "సరే, నీది దొంగ మోలీ, నాది దొంగ షార్కు. చెల్లుకి చెల్లు. కుర్చీ ఇక్కడే, తొట్టె అక్కడే" అన్నాడు.

అది కూడా న్యాయంగానే ఉంది. విజయకుమారి ఏదో అనబోయేలోగా గేటు దగ్గర హారను మోగింది.

"ఎవరు?"

"మల్లికార్జునరావు అన్నయ్యగారు. భోజనానికి పిలిచాను."

"ఇవాళా! ఇప్పుడా!"

గేటు తీసి ఆయన లోపలికి నడిచే వ్యవధిలో వెంకట్రామయ్య వయసుకి మించిన పనులు చేశాడు. వల తీశాడు. షార్కు తొట్టెలో సుడి తిరిగి సగం నీళ్లు టేబులు మీద పోసింది. చొక్కా తడిసింది. ఎలాగో పట్టి, బకెట్లో వేసి, బాత్రూములో పెట్టి, మీద మూత వేసి తలుపు మూశాడు. విజయకుమారి సాయానికి రాలేదు. పులుసుకి చింతపండు పిసుకుతూ నిలబడింది.

"ఏం బావా, ఒళ్లంతా నీళ్లేంటి? ఏదీ నీ సొరచేప?" అంటూ వచ్చాడు మల్లికార్జునరావు. "క్లబ్బులో చెప్పిచెప్పి చంపావు కదా, దాన్ని చూద్దామనే వచ్చాను."

"లేదు బావా. పెద్దదైపోయింది. బందరు పంపించేశాను."

"అయ్యో."

చెరువు మీంచి తిన్నగా వచ్చాడేమో, ఆయన కాళ్లకి మోకాళ్లదాకా బురదుంది. విజయకుమారి తువ్వాలు తెచ్చి అందించింది.

"కాళ్లు కడుక్కోండి అన్నయ్యగారూ. బాత్రూము అదిగో."

"పెరట్లో కుళాయుంది బావా!" వెంకట్రామయ్య కేకపెట్టాడు.

"ఇంట్లో ఉండగా పెరట్లో ఎందుకు చెల్లెమ్మా? మీ ఆయన నన్నింకా గడప బయటే ఉంచుదామనుకుంటున్నాడు" అంటూ ఆయన తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

హాల్లో ఇద్దరూ మిగిలారు. లోపల చెంబు చప్పుడైంది. నీళ్ల చప్పుడైంది. మూత కింద పడ్డ చప్పుడైంది. తర్వాత చప్పుడు ఆగిపోయింది.

మల్లికార్జునరావు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బావా, మీ బకెట్లో ఫంగసుందేంటి? తెల్లది! మా హేచరీ వాళ్లకే ఎప్పుడో గాని పుట్టదు. ఎంత నిగనిగలాడుతోంది! ఎవరు పెంచారు?"

పెళ్లి పందిట్లో అన్న మాట, క్లబ్బులో అన్న మాటలు, ఊరంతా రేపు అనబోయే మాటలు అన్నీ వెంకట్రామయ్య మొహం మీదే కనిపించాయి. భార్య వంక చూశాడు. ఆవిడ తాపీగా గరిటె దులుపుకుంది.

"నిలబడే ఉన్నారేంటండీ? కూర్చోండి. కుర్చీ ఎక్కడ వెయ్యమంటారు?"

మల్లికార్జునరావుకి అది మర్యాదగా వినిపించింది. వెంకట్రామయ్యకి ధర వినిపించింది.

"వరండాలో" అన్నాడు గొణుగుతూ.

"ఇవాళ్టికా?"

వెంకట్రామయ్య బాత్రూము తలుపు వంక చూశాడు.

"ఎప్పటికీ. అక్కడ గాలి బాగుంటుంది."

"ఆ ఫంగసు నేను తెచ్చానన్నయ్యగారూ" అంది విజయకుమారి అటు తిరిగి. "మీరు పెంచే చేప రుచేంటో చూద్దామని. ఈయనకి తెలిస్తే ఇల్లెగరగొడతారని బాత్రూములో దాచాను. ఇంతలో మీరే చూశారు."

"మా చెల్లెమ్మకి రుచి తెలుసు!" మల్లికార్జునరావు తొడ చరిచాడు. "ఇంకా దాపరికమెందుకు? ఇప్పుడే వండెయ్యి. ముగ్గురం తిందాం. మీ ఆయన నోట్లో మొదటి ముక్క నేనే పెడతాను."

"వద్దు!" అన్నాడు వెంకట్రామయ్య. ఆ అరుపుకి ఇద్దరూ తిరిగి చూశారు. "అంటే... అది ఇంకా చిన్నది బావా. ఎదగాల్సిన చేప. ఇప్పుడు కోస్తే పాపం... పాపమని కాదు, నష్టం."

"నీకెందుకు బాధ? ఫంగసేగా."

"ఏ చేపైనా ఎదగనిచ్చి కొయ్యాలి. నా పద్ధతది."

అయితే ఎదిగేదాకా తన చెరువులో వేసుకుంటానన్నాడు మల్లికార్జునరావు. భోజనంలో శీలావతి పులుసే తిన్నారు. కార్తీకమంతా చేపకి మొహం వాచిపోయిన వెంకట్రామయ్య రెండు ముక్కలకే చెయ్యి కడిగేసుకున్నాడు. బాత్రూములోంచి బకెట్లో తోక కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది. తిన్నాక బావలిద్దరూ చెరో చెయ్యీ వేసి వాలు కుర్చీని వరండాలోకి మోశారు. దాన్నెందుకు మోస్తున్నాడో మల్లికార్జునరావుకి తెలీదు. బరువుందని మాత్రం అన్నాడు. విజయకుమారి హాల్లో ఖాళీ అయిన గోడవార తడిగుడ్డ పెట్టి, దుర్గారావుకి ఫోను చేసింది. తొట్టె ఖాళీ చేసి జరపాలి, ఎవరినైనా పంపమంది. షార్కుకి పెద్ద తొట్టె అక్కర్లేదని, చుట్టాల చెరువు దొరికిందని చెప్పింది.

వెళ్లేటప్పుడు మల్లికార్జునరావు బకెట్టును కారు డిక్కీలో పెట్టబోయాడు.

"డిక్కీలో ఊపిరాడదు" అన్నాడు వెంకట్రామయ్య కుర్చీలోంచి లేవకుండానే. "ముందు సీట్లో, కాళ్ల దగ్గర పెట్టుకో."

"అలాగేలే."

"వేరేగా ఒక చిన్న చెరువులో వెయ్యి. నల్లవాటితో కలిపితే కొట్టి చంపుతాయి."

"అబ్బో."

కారు కదిలింది. వెంకట్రామయ్య కుర్చీ మీట నొక్కి కాళ్లు దించుకుని గేటు దాకా వచ్చాడు.

"బావా! సాయంత్రం మేత కాస్త ఎక్కువ వెయ్యి."

మల్లికార్జునరావు బ్రేకు వేశాడు. అద్దం దించి, బావ తడిసిన చొక్కా వంకా, జేబు వంకా, చివరికి మొహం వంకా చూశాడు.

"ఫంగసుకి ఎంత మేత వెయ్యాలో నీకెలా తెలుసు బావా?"

"ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను" అన్నాడు వెంకట్రామయ్య. గబగబా గేటు మూసి హాల్లోకి రాబోయి, గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి వెళ్లి వరండాలో కూర్చున్నాడు.